తొమ్మిది పాఠాలు, తొమ్మిది తప్పులు

“ఆ పుస్తకాలు టేబుల్ మీద పెట్టకండి,” అంది పద్మశ్రీ.

రాంబాబు కట్ట ఎక్కడ దించాలో తెలియక నిలబడ్డాడు. కట్టకి ప్రెస్సులో కట్టిన పురికొస ఇంకా అలాగే ఉంది. పై పుస్తకం అట్ట మీద రంగు కాగితాల మధ్య అతని అక్క గంగారత్నం నవ్వుతోంది. ఫొటో కింద పేరు. పేరు కింద ‘రచయిత్రి, హెడ్‌మిస్ట్రెస్’ అని రెండు మాటలు.

“మూడు రోజులైంది పద్మా. ఇంకెన్నాళ్లు?”

“ఏది?”

“ఈ మాట్లాడకపోవడం.”

“మాట్లాడుతూనే ఉన్నాను కదండీ. పుస్తకాలు టేబుల్ మీద పెట్టకండి అని ఇప్పుడేగా అన్నాను.”

అతను కట్టని ఫ్రిజ్ మీద పెట్టాడు. తర్వాత అక్కడ కూడా బాగాలేదనిపించిందేమో, దింపి కుర్చీలో పెట్టి, తను నిలబడే ఉన్నాడు.

“నీ నోటుపుస్తకాలు చూసి ఇచ్చేస్తానంది అక్క. నేనిచ్చాను. అంతే కదా జరిగింది.”

“చూడ్డానికి ఇచ్చినవి గవర్నర్‌పేటలో మీ ప్రెస్సుకి ఎలా వచ్చాయి?”

రాంబాబు పురికొస చివర వేలికి చుట్టుకున్నాడు.

“నా బొమ్మలు స్కాన్ చేసిందెవరు?”

“నేనే.”

“నా చేతిరాత తీసేసి అక్షరాలు కొట్టిందెవరు?”

“అదీ నేనే. రాత్రికి రాత్రి కావాలంది అక్క. పద్మా, నువ్వు ఇలా ఒక్కొక్కటే అడుగుతుంటే నేనేదో హత్య చేసినట్టుంది.”

“చివరి పేజీ కూడా మీరే కూర్చారా?”

ఆ పేజీ ఆమెకు కంఠతా వచ్చేసింది. ‘వ్యాను డ్రైవర్ శ్రీ లాజరు గారికి, ఆర్ట్ టీచర్ పద్మశ్రీకి, ఆయా శ్రీమతి సువార్తమ్మ గారికి ధన్యవాదాలు.’

“లాజరు గారికి శ్రీ ఉంది. సువార్తమ్మ గారికి శ్రీమతి ఉంది. నా పేరు మధ్యలో బోడిగా ఉంది,” అంది.

“నేను శ్రీమతి అని కొట్టాను. ఇంటి మనిషికి అదేంటని అక్కే తీసేయించింది.”

పద్మశ్రీకి నవ్వొచ్చింది. నవ్వలేదు. బీన్స్ తరగడం మొదలుపెట్టింది.

మంగళవారం ఈ పుస్తకం మొదటిసారి చేతికి వచ్చినప్పుడు జారవిడిచింది. బుధవారం అన్నం సయించలేదు. ఈ ఉదయం చేతులు నిలకడగా ఉన్నాయి. బీన్స్ ముక్కలన్నీ ఒకే పొడవులో పడుతున్నాయి. తన ఒంట్లో ఏదో చల్లబడిందని ఆమె గమనించింది. అది శాంతి కాదని కూడా గమనించింది.

అది ఎప్పుడు చల్లబడిందో తెలుసు. నిన్న మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో మొదటిసారి పుస్తకం లోపలి పేజీలు తిప్పినప్పుడు. గాలిమర పాఠం దగ్గర.

ఆరేళ్లుగా ఆమె వదిన బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకి బొమ్మలు గీయడం, వస్తువులు తయారు చేయడం నేర్పుతోంది. టైంటేబుల్లో దాని పేరు ‘ఆర్ట్ అండ్ డిజైన్’. పిల్లలకి అది ‘అట్టల క్లాసు’. ప్రతి పాఠానికీ ఒక నమూనా గీసి ఇస్తుంది. ప్రతి నమూనాలోనూ కావాలనే ఒక తప్పు పెడుతుంది. గాలిమర రెక్కల్ని ఒకటి ఇటు, ఒకటి అటు వంచమని గీస్తుంది. పిల్లలు కత్తిరించి, అతికించి, బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదుతారు. మర తిరగదు. అప్పుడు గొడవ పడతారు, విప్పుతారు, మళ్లీ గీస్తారు. చివరికి తప్పు ఎవరో ఒకరికి దొరుకుతుంది. పాఠమంటే ఆమె దృష్టిలో ఆ గంటసేపు గొడవే.

సరైన గీత ఆమె ఎక్కడా రాసిపెట్టుకోలేదు. రాస్తే పిల్లలు వెతికి చూసేస్తారని.

తొమ్మిది పాఠాలు. తొమ్మిది తప్పులు. రాంబాబు వాటన్నిటినీ మెరిసే కాగితం మీద, నాలుగు రంగుల్లో, ఒక్క గీత కూడా చెరగకుండా అచ్చేశాడు.

“శనివారం పుస్తకం ఆవిష్కరణకి మీరూ వస్తున్నారా?” అని అడిగింది.

రాంబాబు తలెత్తాడు. “రాకుండానా? జయపాల్ గారు వస్తున్నారు. హనుమాన్ జంక్షన్ నుంచి బందరు దాకా ఆయనవి పన్నెండు స్కూళ్లు. మన పుస్తకం అన్నిట్లోనూ పెడతారట, పిల్లలు చేసి చూపిస్తే. పిల్లల పక్కన నువ్వుండాలంది అక్క. వాళ్లు నీకైతే అలవాటని.”

“ఉంటాను.”

“నిజంగా?”

“ఉంటానన్నాను కదండీ.”

అతని భుజాలు కిందికి దిగాయి. కుర్చీలోంచి కట్ట తీసి, ఈసారి ధైర్యంగా టేబుల్ మీదే పెట్టి, ప్రెస్సుకి వెళ్లిపోయాడు. పదిహేనేళ్లుగా తనతో కాపురం చేస్తున్న మనిషి ముఖంలో ఆ తేలికదనం చూస్తే జాలి కలగాలి. కలగలేదు.

*

“అమ్మాయ్, ఇలా రా.”

కాశీరావు వరండాలో పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ల మామగారు. కైకలూరు నుంచి చేపల లోడ్లు పంపి కూతుర్నీ కొడుకునీ చదివించాడు. బెజవాడలో ఆ కూతురి చేత బడి పెట్టించాడు. చదవడం కష్టమని బొమ్మలు మాత్రం చూస్తాడు.

“ఈ బొమ్మ ఎవరేశారు?”

“నేనే మావయ్యగారూ.”

“అట్ట మీద గంగ ఉందే.”

“ఉంది.”

ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. “కాలవ లాకు తలుపులు తిరగేసి గీశావు.”

పద్మశ్రీ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

“చిన్నప్పుడు మా నాయనతో ఎండుచేపల పడవ మీద బందరు కాలవలో తిరిగినోణ్ణి. తలుపులు రెండూ కలిసే చోట ముక్కు ఎగువకుండాలి. అప్పుడు నీళ్లు తోసేకొద్దీ బిగుసుకుంటాయి. నువ్వు ముక్కు దిగువకి పెట్టావు. ఒక్క తోపుకి తెరుచుకుపోతాయి.”

“అవును.”

“తెలిసే గీశావా?”

“పిల్లలు కనిపెట్టాలని.”

“మరి గంగకి తెలుసా?”

“వదిన నా క్లాసుకి ఎప్పుడూ రాలేదు మావయ్యగారూ.”

కాశీరావు పుస్తకం మూశాడు.

“శనివారం నలుగురిలో నా కూతురి పరువు పోతే చూడాలనుందా నీకు?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. చాలా మర్యాదైన అబద్ధం. కానీ ఈ ఇంట్లో ఆ బొమ్మ ఎవరేశారని అడిగిన మనిషి ఈయనొక్కడే.

“ఉంది,” అంది.

ఆయన కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు.

“నేను చెబితే నువ్వీ ఇంట్లో ఉండవు. చెప్పకపోతే గంగ నా ముఖం చూడదు. నేను చెప్పన్లే. ముసలోణ్ణి, బొమ్మలు సరిగా కనపడలేదంటా.” కుర్చీ చేతుల మీద బరువేసి లేచాడు. “లాకు తెరిచేటప్పుడు పెద్ద పడవలకి ఏం కాదమ్మా. ముందుండే చిన్న దోనెలే తిరగబడతాయి. ఆ రోజు నీళ్లకి ఎదురుగా ఎవరుంటారో చూసుకో.”

లోపలికి వెళ్లిపోయాడు. మాట అర్థమైంది. అర్థమైన మాటని పక్కన పెట్టడం తనకెంత సులువుగా చేతనయిందో చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది.

*

శుక్రవారం రిహార్సల్. హాల్లో కొత్త ఎర్ర తివాచీ పరిచారు. బల్ల మీద అట్టతో చేసిన కాలువ, లోపల ప్లాస్టిక్ కాగితం, మధ్యలో టేపుతో నిలబెట్టిన రెండు చిన్న తలుపులు. దాని చుట్టూ ఐదో తరగతి పిల్లలు నలుగురు. ముందు నిలబడ్డది ఎలిజబెత్. పదేళ్ల పిల్ల. వేళ్ల సందుల్లో ఎప్పుడూ ఎండిన జిగురు ఉంటుంది. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని గిల్లుకుంటూ ఉంటుంది.

“మేడం, ఈ తలుపులు తిప్పాలి,” అంది ఎలిజబెత్.

గంగారత్నం కాగితంలో తన ఉపన్యాసం చూసుకుంటోంది. “ఏంటి?”

“ఇట్లా ఉంటే ఆగవు మేడం. మేము థర్డ్ క్లాసులో...”

“బుక్కులో ఎలా ఉంది?”

“ఇట్లాగే ఉంది.”

“మరి? బుక్కులో ఎలా ఉంటే అలా చెయ్యాలి. రేపు అందరి ముందూ ఇలా అడ్డుప్రశ్నలు వేశావంటే మీ అమ్మని పిలిపిస్తాను.”

ఎలిజబెత్ తల తిప్పి పద్మశ్రీ వైపు చూసింది. పద్మశ్రీ టేపు కత్తిరిస్తోంది. మరో ముక్క అవసరం లేకపోయినా కత్తిరించింది.

పిల్లలు వెళ్లాక గంగారత్నం కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

“నీకు కోపంగా ఉందని తమ్ముడు చెప్పాడు.”

“లేదు వదినా.”

“ఉంటుందిలే. నేనైతే నాకూ ఉండేది. కానీ ఒక్కటి ఆలోచించు. నా బడిలో, నా పిల్లలకి చెప్పిన పాఠం నీ ఒక్కదానిదే ఎలా అవుతుంది? ఇంట్లో నీదీ నాదీ ఏంటే? ఇలా అయితే రేపు వంట కూడా నాదంటావు.”

“వంట నాదే కదా వదినా. రోజూ నేనే చేస్తున్నాను.”

గంగారత్నం నవ్వింది. నిజంగానే నవ్వింది. మరదలి బుగ్గ మీద చిన్నగా తట్టింది. చేపల ఐసు గోడౌన్ పైన రెండు గదుల్లో మొదలైన బడిని నాలుగంతస్తులు చేసిన మనిషి. అడిగి తీసుకోవడం ఆమెకు ఎప్పుడూ అవసరపడలేదు. ఆ తట్టడంలో ప్రేమ ఉంది. అదే పద్మశ్రీకి అన్నిటికన్నా ఎక్కువ మంట పుట్టించింది.

ఒక్క అవకాశం ఇవ్వాలనుకుంది. తర్వాత తన మనసుకి చెప్పుకోవడానికైనా ఉండాలి కదా.

“రేపటి నీళ్లు ఒకసారి ఇవాళే పోసి చూస్తే మంచిది వదినా. ఎంతైనా మీరు సైన్సు చదవలేదు కదా.”

ఆ రెండో వాక్యం ఎందుకు తగిలించిందో ఆమెకు తెలుసు. ఏ మాట అంటే వదిన ఒప్పుకోదో పదిహేనేళ్లుగా తెలుసు.

గంగారత్నం నవ్వు ఆగిపోయింది. “అక్కర్లేదు. తివాచీ తడుస్తుంది,” అంది.

*

శనివారం పది గంటలకి హాలు నిండింది. ముందు వరసలో జయపాల్, ఆయన పన్నెండు స్కూళ్ల హెడ్‌మాస్టర్లు. పక్కన కాశీరావు, రాంబాబు. వెనక తల్లిదండ్రులు. గంగారత్నం పట్టుచీర కట్టుకుని ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఈ పుస్తకం కోసం ఆరేళ్లు తపస్సు చేశానంది. ఆ ‘ఆరేళ్లు’ దగ్గర పద్మశ్రీ తన చేతులు చూసుకుంది. అవి ఇంకా నిలకడగానే ఉన్నాయి.

“నీళ్లు మీ చేతుల మీదుగా పోయండి సార్,” అంది గంగారత్నం.

జయపాల్ నవ్వుతూ లేచి జగ్గు అందుకున్నాడు. ఎలిజబెత్ కాలువ దిగువ చివర నిలబడి ఉంది. తలుపులు కనపడేలా అట్ట పట్టుకోమని ఆమెకు చెప్పారు.

నీళ్లు ఒక అంగుళం లేచేదాకా తలుపులు ఆగాయి. తర్వాత రెండూ ఒక్కసారే తెరుచుకున్నాయి. టేపు ఊడింది. నీళ్లు బల్ల దాటి ఎలిజబెత్ యూనిఫాం మీద, జయపాల్ ప్యాంటు మీద, తివాచీ మీద పడ్డాయి. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

పద్మశ్రీ ఈ క్షణాన్ని మూడు రోజులుగా ఊహించుకుంది. ఊహలో గంగారత్నం ముఖమే ఉండేది. తడిసిన యూనిఫాం లేదు.

“ఏం చేశావే నువ్వు?” గంగారత్నం ఎలిజబెత్ భుజం పట్టుకుంది. “తిప్పి అతికించావు కదూ? నిన్న చెప్పినా వినలేదు కదూ? క్షమించాలి సార్. కొంతమంది పిల్లలు ఎంత చెప్పినా అంతే.”

ఎలిజబెత్ తిప్పి అతికించలేదు. తలుపులు పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. ఆ మాట చెప్పాల్సిన మనిషి రెండడుగుల దూరంలో ఉంది. చెబితే, తప్పు కావాలనే పెట్టానని కూడా చెప్పాలి. చెప్పిన మరుక్షణం ఆ పద్ధతి కూడా వదిన సొంతమైపోతుంది. పద్మశ్రీ నోరు తెరవలేదు.

“నేను తిప్పలేదు మేడం,” అంది ఎలిజబెత్. గొంతు సన్నగా ఉన్నా వణకలేదు. “బుక్కులోనే తప్పుంది. మా టీచర్ కావాలనే పెడతారు. అన్ని పాఠాల్లోనూ పెడతారు. మేమే వెతకాలి.”

వెనక వరసల్లో కిసుక్కుమన్నవాళ్లు ముందుకి వంగారు.

“ఏ టీచర్?” అన్నాడు జయపాల్, ప్యాంటు దులుపుకుంటూ.

ఎలిజబెత్ చెయ్యి చాపేలోపే గంగారత్నం మైకు అందుకుంది. ఆమె ఆలోచించడానికి తీసుకున్న సమయం ఒక్క ఊపిరి. పద్మశ్రీ ఆ ఊపిరిని చూసింది.

“పాప చెప్పింది నిజం సార్. అదే మా పద్ధతి. ముందే చెబితే మజా ఉండదని దాచాను. ప్రతి పాఠంలోనూ ఒక తప్పు పెట్టి పిల్లల చేతే పట్టిస్తాం.”

“అద్భుతం,” అన్నాడు జయపాల్. హెడ్‌మాస్టర్లు చప్పట్లు కొట్టారు. రాంబాబు కూడా కొట్టాడు. కాశీరావు కొట్టలేదు.

పద్మశ్రీ ముందుకొచ్చి రెండో మైకు తీసుకుంది. ఆన్ చేసింది. గొంతు ఎంత మెత్తగా వచ్చిందంటే మొదట అది తనదేనా అనిపించింది.

“మేడం గారూ, మిగతా ఎనిమిది పాఠాల్లో తప్పులు ఎక్కడున్నాయో కూడా చూపిస్తే బాగుంటుంది. ఈ సార్లందరూ వాళ్ల బళ్లలో చెప్పుకోవాలి కదా.”

“నిజమే,” అన్నాడు జయపాల్. పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాడు. గాలిమర పేజీ. “దీంట్లో ఎక్కడండీ?”

గంగారత్నం పేజీ వైపు చూసింది. కళ్లజోడు సర్దుకుంది. పుస్తకాన్ని కొంచెం పక్కకి తిప్పింది. తర్వాతి పేజీకి వెళ్లి వెనక్కి వచ్చింది. పట్టుచీర అంచు కిందికి ఎర్ర తివాచీ తడి పాకుతోంది. రాంబాబు నేల చూస్తున్నాడు. ఆ గీతల్ని ఒక్కొక్కటే శుభ్రం చేసి అచ్చేసిన మనిషి. ఒక్కదాన్ని కూడా చూడలేదు.

గంగారత్నం తలెత్తి మరదలి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. పదిహేనేళ్లలో మొదటిసారి ఏదో అడుగుతోంది.

పద్మశ్రీ ఆ చూపుని చివరిదాకా తీసుకుంది. తియ్యగా ఉంది. ఇంత తియ్యగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

“నాకు తెలుసు మేడం.”

ఎలిజబెత్ చెయ్యెత్తింది. మోచేతి నుంచి నీళ్లు కారుతున్నాయి. “అది చాలా ఈజీ. అన్నీ తెలుసు నాకు. తొమ్మిదీ చెప్తా.”

“చెప్పమ్మా,” అంది గంగారత్నం. గొంతు మారిపోయింది. “చెప్పు బంగారం. సార్‌కి చెప్పు.” పుస్తకాన్ని బల్ల మీదుగా ఆ పిల్ల ముందుకి తోసి, తన చేతిలోని మైకు ఆమె నోటి దగ్గర పెట్టింది.

ఎలిజబెత్ చెప్పలేదు. పద్మశ్రీ వైపు తిరిగింది. అట్టల క్లాసులో అదొక కట్టుబాటు. తప్పు దొరికినవాళ్లు వెంటనే అరవకూడదు. టీచర్ తలూపేదాకా ఆగాలి. మిగతావాళ్లకి వెతుక్కునే టైం ఉండాలని పద్మశ్రీ పెట్టింది. ఆ పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. యూనిఫాం తడిసిన సంగతి, తిట్లు తిన్న సంగతి అప్పుడే మర్చిపోయింది. తెలిసినది చెప్పాలన్న ఆత్రం తప్ప ఆ ముఖంలో ఇంకేమీ లేదు.

తలూపితే, ఆ పిల్ల నోటితోనే వదిన గెలుస్తుంది. పన్నెండు స్కూళ్లలో ఆ ఫొటో నవ్వుతూనే ఉంటుంది.

పద్మశ్రీ తల అడ్డంగా తిప్పింది.

ఎలిజబెత్‌కి అర్థం కాలేదు. తప్పుగా చూశాననుకుందేమో, మళ్లీ చూసింది. పద్మశ్రీ మళ్లీ తల అడ్డంగా తిప్పింది. ఈసారి నెమ్మదిగా, హాల్లో ఎవరికీ అనుమానం రాకుండా.

ఎత్తిన చెయ్యి సగం దిగి, అక్కడే ఆగింది. ఆరేళ్లలో ఎన్నో చేతులు తప్పు జవాబుతో లేచాయి. వాటిని కూడా పద్మశ్రీ ఏనాడూ దించమనలేదు.

జయపాల్ పుస్తకం మూశాడు. కాశీరావు కళ్లద్దాలు తీసి, తుడవకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

“ఎందుకు టీచర్?” అంది ఎలిజబెత్.

గంగారత్నం మైకు తియ్యలేదు. ఆ మాట హాలు గోడలకి తగిలి, వెనక వరసల దాకా వెళ్లింది. వరసల్లో తలలు ఒక్కొక్కటే పద్మశ్రీ వైపు తిరిగాయి.